అప్పడాల ఇంట్లో నమలని పిల్ల

మా ఇంట్లో మిక్సీ రోజుకు మూడుసార్లు తిరిగేది. పొద్దున్న ఎనిమిదింటికి, మధ్యాహ్నం పన్నెండున్నరకు, సాయంత్రం ఏడింటికి. అన్నం, పప్పు, ఉడికిన కూర, కాస్త నెయ్యి, అన్నీ ఒకే జారులో వేసి చెంచాలోంచి జారిపోయేదాకా తిప్పేదాన్ని. తర్వాత టీ వడబోసే జల్లెడలో పోసి గరిటెతో రుద్దేదాన్ని. జల్లెడలో ఒక్క మెతుకు మిగిలినా మళ్ళీ జారులోకే. మా పాపకు అప్పటికి రెండేళ్ళ తొమ్మిది నెలలు. నోట్లో పదహారు పళ్ళున్నాయి, నేనే వేలు పెట్టి లెక్కపెట్టాను. ఆ పదహారింటిలో ఒక్కటి కూడా ఒక్క మెతుకును కొరికిన పాపాన పోలేదు.

ఇంకెవరింట్లోనైనా అయితే పోనీలే అనుకోవచ్చు. మాది బరంపురంలో అప్పడాల ఇల్లు. మా ఆయన తాతగారి రోజుల నుంచీ అదే వ్యాపారం. కింద బజారు వైపు దుకాణం, అది మా ఆయన చూసుకుంటాడు. మేడ మీద మా అత్త, మరో ముగ్గురు ఆడవాళ్ళు కూర్చుని అప్పడాలు ఒత్తుతారు. కొనేవాళ్ళు దుకాణంలో కాల్చిన అప్పడం ఒకటి తీసుకుని చెవి దగ్గర పెట్టుకుని విరుస్తారు. ఫెళ్ళున విరిగితేనే బేరం. అంటే కరకరలాడేదాన్ని అమ్ముకుని బతికే ఇంట్లో, నోట్లోకి గంజి తప్ప ఇంకేమీ దిగని పిల్లను నేను పెంచుతున్నాను. ఈ మాట ఎవరైనా ఎత్తితే వాళ్ళ మీద విరుచుకుపడేదాన్ని. నాకు కోపం ముక్కు మీద ఉంటుందని పుట్టింట్లోనే పేరు. ఖల్లికోట రైల్వే క్వార్టర్సులో మా నాన్న, నన్ను చూసి సిగ్నల్ లేని ఇంజను అనేవాడు.

దీనికంతటికీ మొదలు పాప పదకొండో నెలలో ఉంది.

మా అత్తవారింట ఒక ఆచారం ఉంది. పిల్లకు నాలుగు పళ్ళు రాగానే అప్పడాల పిండిని వేలెడు పొడుగున తాడులా పేని, నీడన రెండు రోజులు ఆరబెట్టి, కొరకమని చేతికిస్తారు. పైన గట్టిగా, లోపల సాగుతూ ఉంటుంది. చిగుళ్ళ దురద తీరుతుంది, దవడ గట్టిపడుతుంది అంటారు. మా ఆయన, ఆయన అక్క, అంతకు ముందు మా మామగారు, అందరూ దాన్ని కొరికి పెరిగినవాళ్ళే. ఆ రోజు మా అత్త మేడ మీద పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఆ పిండి ముక్క చేతికిచ్చింది. నేను పక్కనే పాకెట్లకు చీటీలు అంటిస్తున్నాను. పాప చప్పరించింది, చీకింది, కొసన నానిన ముక్క ఊడి వచ్చింది. తర్వాత ఏం జరిగిందో రెండేళ్ళ పాటు నేను అందరికీ ఒకేలా చెప్పాను. ముక్క గొంతుకు అడ్డం పడింది, పిల్ల నీలంగా మారిపోయింది, మా మామగారు పరుగున వచ్చి తలకిందులుగా పట్టుకుని వీపు మీద చరిస్తే బయటపడింది, మా అత్త పెట్టిన దానివల్ల పిల్ల చచ్చి బతికింది. ఇదీ నా కథ.

ఆ సాయంత్రమే మా అత్త, పొరుగు పిల్లల కోసం నీడన ఆరబెట్టిన పిండి ముక్కలన్నీ తీసుకెళ్ళి పారేసింది. మళ్ళీ ఎవరి పిల్లకూ చేసిపెట్టలేదు. ఆ ఆచారం ఆవిడ చేతి మీదుగానే ఆగిపోయింది. నేను మరునాడు మిక్సీ కొత్త జారు తెప్పించాను.

అప్పటి నుంచి పాపకు తిండి పెట్టేది నేనొక్కదాన్నే. మా ఆయన పెట్టబోతే గిన్నె లాక్కునేదాన్ని. మా అత్తనైతే అడగనిచ్చేదాన్ని కూడా కాదు. నేను తినిపిస్తుంటే ఆవిడ గుమ్మం దగ్గర నిలబడి చూసేది, లోపలికి వచ్చేది కాదు. ఒకసారి చద్దన్నం పిసికి గిన్నెలో తెచ్చింది. మా ఊళ్ళో ఒడియావాళ్ళు పొఖాళొ అంటారు, ఎండాకాలం ఇంటింటా అదే. వేళ్ళతో మెదిపి మెదిపి పాలలా చేసి తెచ్చింది పాపం. నేను ఆ గిన్నె తీసుకుని, ఆవిడ చూస్తుండగానే మిక్సీలో పోశాను. ఆవిడ ఖాళీ గిన్నె తీసుకుని వెళ్ళిపోయింది. నేను గెలిచాననుకున్నాను.

పురుషోత్తంపూర్‌లో మా ఆడపడుచు తోటికోడలి కూతురి పెళ్ళికి వెళ్ళినప్పుడు మిక్సీ కూడా బట్టలతో పాటు సంచిలో పెట్టుకెళ్ళాను. జనం నవ్వారు, నవ్వనీ అనుకున్నాను. సరిగ్గా మధ్యాహ్నం కరెంటు పోయింది. వంటవాళ్ళు జనరేటరు దీపాలకే ఇస్తామన్నారు. పాప ఆకలితో గుక్కపట్టి ఏడుస్తోంది. పందిట్లో మూడు వందల మందికి భోజనం ఉంది, దానికి ఒక్క ముద్ద లేదు. చివరికి పెళ్ళివారి రోటిలో అన్నం రుబ్బి, నా పాత చున్నీలో వేసి పిండాను. చెమటలు కారుతున్నాయి, కళ్ళనీళ్ళు కారుతున్నాయి. దానికి సరిగ్గా ఎదురుగా పాప వయసు పిల్లే ఒకతె జంతిక పట్టుకుని కటకటా కొరుకుతోంది. ఆ పిల్ల దవడ ఎలా కదులుతోందో నేను మొదటిసారి చూశాను. గుండ్రంగా, పక్కకు, ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు. చెంప కింద చిన్న కండ ఉబ్బి తగ్గుతోంది. ఆ పిల్ల జాలిపడి ఒక ముక్క పాప చేతిలో పెట్టింది. పాప దాన్ని నాలుక మీద పెట్టుకుని నోరు తెరిచి అలా ఉండిపోయింది. అది కరుగుతుందని ఎదురుచూస్తోంది. చొంగ కారింది కానీ జంతిక కరగలేదు.

నేను ఆ ముక్క తీసేశాను. కానీ ఆ రోజు నుంచి దాని నోరు చూస్తూ ఉండిపోయేదాన్ని. ఎప్పుడూ కొంచెం తెరుచుకునే ఉండేది. చెంపలు జారినట్టు, గడ్డం చిన్నగా. మాటలు కూడా సగం సగం. ఇవన్నీ అంతకు ముందూ ఉన్నవే, నేనే చూడదలచుకోలేదు. దానికి తోడు మా వీధి చివరి చిన్నపిల్లల బడిలో పెద్దావిడ మెల్లగా చెప్పింది. సెలవులయ్యాక చేర్చుకుంటాం కానీ పిల్ల టిఫిను డబ్బాలోది తనే తినాలి, మేం జల్లెడ పట్టలేం, తినలేకపోతే వచ్చే ఏడు చూద్దాం అని. బడి తెరవడానికి రెండు నెలలుంది.

పిల్లల డాక్టరు పాప బరువు చూసి, నోరు చూసి, మింగడం, నమలడం నేర్పే ఒకావిడ దగ్గరికి పంపాడు. ఒడియా ఆవిడ, నా కంటే చిన్నది. చిన్న గది, నేల మీద చాప, గోడకు అద్దం. పాపను అద్దం ముందు కూర్చోబెట్టి దాని చెంపల మీద రెండు వేళ్ళు ఆనించి నోరు తెరిపించి, మూయించి చూసింది. తర్వాత నాకు అర్థమయ్యేలా ఒక్కొక్కటే చెప్పింది. దవడ కండ కూడా కాలి కండ లాంటిదే, పని పెడితేనే పెరుగుతుంది. పాలు తాగే పిల్లకు నాలుక ముందుకీ వెనక్కీ కదిలితే చాలు. ముద్దలో మెత్తని గడ్డలు తగలడం మొదలయ్యాకే నాలుక పక్కకు తిరగడం, తిండిని దవడ పళ్ళ మీదికి నెట్టడం నేర్చుకుంటుంది. ఆ నేర్చుకునే వయసులో మీ పాప నోటికి గంజే అందింది. ఆలస్యమైంది కానీ పోయిందేమీ లేదు, ఇప్పుడు కష్టపడాలి అంది.

అప్పుడు అడిగింది, ఎందుకు ఆపేశారు అని. నేను నా కథ చెప్పాను. అత్త పెట్టింది, అడ్డం పడింది, నీలమైంది. ఆవిడ రాసుకుంటూ తలెత్తకుండానే ఇంకో ప్రశ్న వేసింది. అడ్డం పడినప్పుడు పిల్ల దగ్గిందా, చప్పుడు లేకుండా ఉండిపోయిందా?

దగ్గింది అన్నాను.

అయితే అది ఊపిరి ఆడుతున్నట్టే అంది. డోకు వచ్చినా, దగ్గు వచ్చినా పిల్ల తనంతట తను బయటికి తెచ్చుకుంటోందని అర్థం. చప్పుడు ఆగిపోతేనే మనం వీపు మీద చరచాలి. ఇంకొకటి గుర్తుపెట్టుకోండి, కనపడని ముక్క కోసం నోట్లో వేలు పెట్టకూడదు, ఆ వేలే దాన్ని లోపలికి తోసేస్తుంది.

ఆవిడ మామూలుగా చెప్పింది, అందరికీ చెప్పే మాటే. నేను నా చూపుడు వేలు పిడికిట్లోకి ముడుచుకున్నాను. ఎందుకంటే నా కథలో నేను ఎప్పుడూ ఎవరికీ చెప్పని ముక్క ఒకటుంది. ఆ రోజు మేడ మీద పాప దగ్గుతోంది. ముఖం ఎర్రగా ఉంది, నీలంగా కాదు. మా అత్త దాన్ని ముందుకు వంచి, దగ్గనీ అంటోంది. నేను చీటీలు పారేసి వచ్చి, పిల్లను ఆవిడ చేతిలోంచి గుంజుకుని, నా చూపుడు వేలు దాని గొంతు దాకా పోనిచ్చాను. వేలికి మెత్తగా ఏదో తగిలి, జారి, లోపలికి వెళ్ళింది. దగ్గు అప్పుడు ఆగింది. నీలం అప్పుడు వచ్చింది.

వేలికి తగిలి జారిన ఆ మెత్తదనం రెండేళ్ళుగా నాకు తెలుసు. దానికి అర్థం ఏమిటో నాకు నేను కూడా చెప్పుకోలేదు. ఆ గదిలో పరాయి మనిషి నోట విన్నాక ఇక చెప్పుకోకుండా ఉండలేకపోయాను. ఇంటికి వస్తూ రిక్షాలో పాపను గట్టిగా పట్టుకుని సిగ్గుతో చచ్చిపోయాను. కానీ ఇంటికెళ్ళి మా అత్తకు చెప్పానా? లేదు. ఆవిడ గుమ్మం దగ్గర నిలబడి, డాక్టరమ్మ ఏమందని అడిగితే, నెమ్మదిగా వస్తుందట అని మిక్సీ గది వైపు వెళ్ళిపోయాను.

ఆ రెండు నెలలు నేను పడ్డ పాట్లు చెప్పనలవి కాదు. నమలడం నేర్పే ఆవిడ మొదట జల్లెడ మానమంది. తర్వాత మిక్సీ మానమంది. ఇడ్లీ చేత్తో చిదిమి పెట్టమంది, మెత్తగా ఉడికిన గుమ్మడికాయ వేలంత ముక్క కోసి దవడ పళ్ళ మీద పక్కగా పెట్టి పట్టుకోమంది. వారానికి రెండుసార్లు ఆవిడ గదిలో అద్దం ముందు చోబేయి, చోబేయి అనేది. నములు, నములు అని ఒడియాలో. పాప అద్దంలో ఆవిడ దవడ చూసి తన దవడ ఆడించేది, నోట్లో ఏమీ లేనప్పుడు చక్కగా ఆడించేది. ఇంట్లో ఇడ్లీ ముక్క పెడితే మాత్రం డోకు. డోకు వినగానే నా చెయ్యి నాకు తెలియకుండానే దాని నోటి దగ్గర ఉండేది. ఆవిడ ఒకరోజు నన్నే అద్దం ముందు కూర్చోబెట్టింది. చూసుకోండి, పిల్ల కంటే ముందు మీరు నోరు తెరుస్తున్నారు, పిల్ల కంటే ముందు మీరు భయపడుతున్నారు, దానికి నమలడానికి మీరు వ్యవధి ఎక్కడ ఇస్తున్నారు అంది. కోపం వచ్చింది. ఏడుపు కూడా వచ్చింది. బడి తెరవడానికి పన్నెండు రోజులుంది, పాప ఇంకా ఒక్క ముక్క నమలలేదు.

అప్పడాలకు ఎండలే పంట. పొద్దున్నే మేడ మీద రోట్లో పిండి దంచుతారు. మినపపిండి, మిరియాలు, ఇంగువ కలిపి, చేతికి నూనె రాసుకుంటూ, సాగేదాకా దంచుతారు. సాగిందో లేదో చూసే పద్ధతి ఒకటుంది. చిటికెడు పిండి తీసి దవడ పళ్ళ మధ్య పెట్టుకుని నాలుగుసార్లు నములుతారు. పళ్ళకు అంటుకుంటే ఇంకా దంచాలి, అంటకుండా సాగితే తాడులా పేని, ఉండలు కోసి ఒత్తొచ్చు. నలుగురూ తలో చిటికెడు తీసుకుని, ఆకాశం చూస్తూ ఒక్కసారే దవడలాడిస్తారు. కొత్తగా పెళ్ళై వచ్చినప్పుడు నాకు నవ్వాగేది కాదు.

ఆ పొద్దున పాప వాళ్ళ మధ్య కూర్చుని ఉంది. నేను తడిబట్టలు ఆరవేస్తున్నాను. నలుగురూ నములుతుంటే వాళ్ళను ఒకరి తర్వాత ఒకరిని చూసింది. తర్వాత చెయ్యి చాచి, రోటి అంచున ఉన్న పిండి చిటికెడు తీసుకుని నోట్లో పెట్టేసుకుంది. ఎవరూ ఇవ్వలేదు. ఎవరూ ఆపడానికి వీల్లేనంత మామూలుగా చేసింది. నేను తిరిగేసరికి దానికి డోకు వస్తోంది. కళ్ళల్లో నీళ్ళు, మెడ ముందుకు వంచింది, దగ్గింది.

మా అత్త, "దగ్గుతన్నాది, ఉండు, ముట్టుకోకు," అంది.

దగ్గుతోందని నాకూ తెలుసు. చప్పుడు ఉందని తెలుసు, ముఖం ఎర్రగా ఉందని తెలుసు, వేలు పెట్టకూడదని ఆరు వారాలుగా వింటున్నాను. అన్నీ తెలిసి కూడా తడిబట్ట వదిలేసి పరుగెత్తి, దాని గడ్డం పట్టుకుని, వేలు నోట్లో పెట్టేశాను. అదే వేలు.

పాప కొరికింది.

ముందు పళ్ళతో కాదు, లోపలి దవడ పళ్ళతో. రెండు వైపుల నుంచీ బిగించి వదల్లేదు. నాకు కళ్ళు బైర్లు కమ్మాయి. నేను గుంజుకున్నాను, అది ఇంకా బిగించింది. దాని చెంప కింద, నేను ఏనాడూ చూడని చోట, చిన్న కండ గట్టిగా ఉబ్బింది. అప్పుడు వదిలింది. వేలి మీద రక్తం. పాప నా వైపు కోపంగా చూసి, "నాను," అంది, నేనే తింటాను అన్నట్టు. తర్వాత నాలుకతో పిండిని పక్కకు నెట్టుకుని, నోరు తెరిచి పెట్టుకునే, ఒకటి, రెండు, మూడు, నాలుగుసార్లు నమిలింది. మిగిలింది చేతిలోకి ఉమ్మి, చూసుకుని, మళ్ళీ నోట్లో పెట్టుకుంది.

పనివాళ్ళు నవ్వారు. మా అత్త నవ్వలేదు, నా వేలికి కట్టడానికి కొంగు చింపుతోంది. వంగి నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి పట్టుకున్న మనిషికి ఇక అబద్ధం చెప్పలేకపోయాను.

"అత్తా, ఆ దినం నువ్వెట్టింది అడ్డం పడనేదు. అప్పుడూ ఇలాగే దగ్గుతుండేది. నాను ఏలు పెట్టి లోపలికి తోసేసినాను. నాకు తెలుసు."

ఆవిడ కట్టు ముడి వేసింది. ముడి సరిగ్గా ఉందో లేదో చూసింది. నా చెయ్యి వదిలేసింది. ఏమీ అనదేమో అనుకున్నాను, అన్నీ ఓర్చుకునే మనిషి కదా అనుకున్నాను, నా బుద్ధి అలాంటిది.

"రెండేళ్ళు," అంది. "రెండేళ్ళు నా మనవరాలికి నా సేత్తో ఒక్క ముద్ద పెట్టనివ్వనేదు నువ్వు. నా సెయ్యే పాడు సెయ్యి అనుకున్నాను. దాన్ని ఎత్తుకునే ముందర కడుక్కునీదాన్ని. ఈదిలో పిల్లలికి పెట్టడం మానేసినాను. నీకు తెలిసీ ఊరుకున్నావు."

పనివాళ్ళు తలలు దించుకుని ఒత్తుతున్నారు. నేను క్షమించమన్నాను. ఆవిడ పీట ముందుకు జరుపుకుని కర్ర తీసుకుంది. ఆ రోజు అప్పడాలు చాలా పల్చగా ఒత్తింది, రెండు చిరిగాయి. ఆవిడ చేతిలో అప్పడం చిరగడం నేను ఎప్పుడూ చూడలేదు.

మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాకు ఎంత కోపం వచ్చినా ఎవరి మీదా చూపించడానికి వీల్లేని మూడు రోజులు అవి. మిక్సీని తుడిచి అటక ఎక్కించాను, ఎవరూ చూడలేదు. పాప ఇడ్లీ ముక్కలు కొన్ని నమిలింది, కొన్ని ఉమ్మింది.

నాలుగో రోజు మధ్యాహ్నం అన్నాల వేళ మా అత్త కంచం ముందు కూర్చుని, పాపను ఇలా తీసుకురా అంది. అన్నం, ముద్దపప్పు, కాల్చిన అప్పడం. అన్నం పిసకలేదు, మెతుకు మెతుకుగా కలిపింది. అప్పడం చిదిమి అందులో వేసింది. నేను లేవబోయాను.

"కూకో," అంది నా వైపు చూడకుండా. "సేతులు తొడల కింద పెట్టుకో."

పెట్టుకున్నాను. నా బరువంతా వాటి మీద వేసి కూర్చున్నాను. కట్టు కట్టిన వేలు సలుపుతోంది. మొదటి ముద్ద పాప నోట్లోకి వెళ్ళింది. అప్పడం చిట్లిన చప్పుడు వినపడింది, తర్వాత డోకు. పాప ముందుకు వంగింది, దగ్గింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నా భుజాలు వాటంతటవే లేచాయి, చేతులు రాలేదు. మా అత్త కూడా కదల్లేదు. దగ్గనిచ్చింది. పాప నోరు మూసుకుంది, దవడ పక్కకు తిరిగింది, చెంప కింద కండ ఉబ్బింది, తగ్గింది, ఉబ్బింది. చాలాసేపు పట్టింది. మింగింది.

నోరు మళ్ళీ తెరిచింది, రెండో ముద్ద కోసం. అప్పుడు చూశాను. ముద్ద పట్టుకుని గాలిలో ఆగిన మా అత్త చెయ్యి పాప నోటి దాకా పోలేకపోతోంది, మెతుకులు ఒళ్ళో రాలుతున్నాయి. నాకు ఆ చెయ్యి పట్టుకోవాలనిపించింది. పట్టుకునే హక్కు నాకింకా రాలేదని నా చేతుల మీదే కూర్చున్నాను.